వెచ్చటి గోడకు కాపురం మార్చిన అచ్చియ్యమ్మ

ఒక పెరట్లో నీళ్ళపొయ్యి ఉండేది. చలికాలం వచ్చిందంటే చాలు, ఇంటావిడ తెల్లవారుతూనే దాంట్లో కొబ్బరిమట్టలూ పిడకలూ దోపి, కాగు నిండా నీళ్ళు పోసి పెట్టేది. ఇంటిల్లిపాదీ స్నానాలు చేసి ఎవరి పనుల మీద వాళ్ళు పోయినా, బూడిద కింద నిప్పు మాత్రం రోజంతా ఉండేది. పొయ్యి వెనక మట్టిగోడ. ఆ గోడ ఎప్పుడు ముట్టుకున్నా జ్వరం తగిలిన పిల్లవాడి నుదురులా వెచ్చగా ఉండేది.

గోడ మొదట్లో ఒక చిక్కుడు పాదు. దాని తీగ సగం గోడ మీదికి పాకింది, సగం ఉత్తరం వైపు కర్రల పందిరి మీదికి పోయింది. పందిరి వైపు ఒకటే గాలి. ధనుర్మాసపు చలి ముందుగా వచ్చి కూర్చునేది అక్కడే.

ఆ పందిరి కొసన, లేత రెమ్మల మీద, పేనుబంక కాపురం. పేనుబంక అంటే తెలియనివాళ్ళెవరు? చిక్కుడుకాయ తెంపబోతే వేళ్ళకు నల్లగా, జిగటగా అంటుకునే పురుగులు. ఛీ అని లంగాకో లుంగీకో తుడిచేసుకుంటాం. మనం తుడిచేసేది ఒక ఊరికి ఊరే అని మనకెందుకు తడుతుంది! వాళ్ళకూ తల్లులున్నారు, తగువులున్నాయి, చిన్నా పెద్దా ఉన్నారు. మగదిక్కు లేని కులం. ఆడది ఆడదాన్నే కంటుంది, ఆ పుట్టినది పుట్టేనాటికే కడుపుతో ఉంటుంది. మరో సంగతి, మూతి ఒకసారి రెమ్మలోకి దించితే మళ్ళీ ఎత్తకూడదని వాళ్ళ కట్టుబాటు. ఆకాశం విరిగి పడినా సరే, తాగుతూనే ఉండాలి.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒక తల్లి ఉండేది. నెమ్మదస్తురాలు. ఎవరేమన్నా సరేనంటుంది. పిల్లలంటే పంచప్రాణాలు. ఆవిడ కథే ఇది. ముందే చెబుతున్నాను, నవ్వొచ్చే కథ కాదు.

ఒకరోజు పొద్దున్నే అచ్చియ్యమ్మ ఏడుస్తూ తల్లిని పిలిచింది.

"అమ్మా, రాత్రి కన్నవాళ్ళలో మళ్ళీ ఇద్దరు పోయారే. మంచుకు బిగుసుకుపోయారు. కాళ్ళు పట్టుకుని కదిపితే కర్రల్లా ఉన్నారు."

తల్లి పేరు రత్తాలు. ముసలిది. ఊరందరిలోకీ వీపున రెక్కలున్నది ఆవిడ ఒక్కతే. ఆ రెక్కలు కూడా చిరిగి పీలికలైపోయాయి. ఆ రెక్కలతోనే ఎక్కణ్ణుంచో ఎగిరొచ్చి ఈ పాదు మీద వాలి, ఒక్కర్తీ ఇంత ఊరు నిలబెట్టింది.

"పోయినవాళ్ళ కోసం ఏడ్చింది చాలుగానీ, ఉన్నవాళ్ళ భుజాలు చూశావా?" అంది రత్తాలు.

"భుజాలేమిటి?"

"నీ మూడోదాని భుజాలు తడిమి చూడు."

అచ్చియ్యమ్మ కాలు చాపి తడిమింది. లేత ఒంటి మీద అటొకటి, ఇటొకటి, ఆవగింజలో పదోవంతు బుడిపెలు తగిలాయి.

"అయ్యో, దీనికేదో గడ్డలు లేచాయే!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. అవి గడ్డలు కావే, రెక్కలు! ఇంకో ఎనిమిది రోజులాగితే అది ఎగురుతుంది."

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! నడవడానికే బద్ధకించే కులం మనది. మనకు రెక్కలెందుకు?" అని అచ్చియ్యమ్మ కన్నీళ్ళలోనే నవ్వింది.

రత్తాలు నవ్వలేదు. "ఈ పాదు పాలు చేదెక్కుతున్నాయి. నువ్విక్కడే పుట్టావు కాబట్టి నీకు తెలియట్లేదు. నాకు తెలుసు. నేను పుట్టిన పాదు మీదా ఇలాంటి చేదే తాగాను. కాపు అయిపోయిన పాదును ఎవరుంచుతారు? ఒకనాడు కత్తి పట్టుకొచ్చి మొదలు నరికేశారు. రెక్కలున్నదాన్ని గనక ఎగిరొచ్చాను. నా అప్పచెల్లెళ్ళు పద్దెనిమిది మందికి రెక్కల్లేవు. ఆ ఎండిన తీగ మీదే మూతులు దించుకుని అలాగే ఉండిపోయారు."

అచ్చియ్యమ్మ నవ్వు ఆగిపోయింది. "మరి రెక్కలు ఎలా వస్తాయే?"

"ఇరుకు కావాలి, చలి కావాలి. ఒకరి కాళ్ళు ఒకరికి తగలాలి. తల్లి గజగజా వణకాలి. అప్పుడు కడుపులో బిడ్డకు తెలుస్తుంది, ఈ చోటు మనకు నిలిచేది కాదని. తెలిస్తే భుజాలు మొలకేస్తాయి. తల్లి వెచ్చగా, విశాలంగా పడుకుందనుకో, బిడ్డకు ఆ కబురే అందదు. నున్నటి భుజాలతో పుడుతుంది. పుట్టాక నువ్వు నెత్తీ నోరూ కొట్టుకున్నా మొలవవు."

"అంటే నా పిల్లలు చలికి చావాలంటావా?"

"కొందరు చస్తారే తల్లీ. నా కడుపు మాత్రం రాయా? కొందరు చస్తేనే కొందరు ఎగురుతారు. పదిహేను రోజులు ఓర్చుకో."

పెద్దల మాట చద్దిమూట అంటారు. అయితే చద్దిమూట విప్పుకోవాలంటే ముందు ఆకలి పుట్టాలి. అచ్చియ్యమ్మకు అప్పటికి కనిపిస్తున్నది బిగుసుకుపోయిన ఇద్దరు పిల్లలే.

ఈ మాటలన్నీ వినే ప్రాణి ఒకటి ఆకు కింద ఉంది. గండుచీమ భూషణం. పేనుబంక మందకు చీమలే కాపర్లు. అక్షింతల పురుగు వస్తే కరిచి తరుముతారు. పేరుకే అక్షింతలు గానీ, అది వచ్చి వాలిందంటే ఒక పూటకు ముప్పై మందిని నమిలేస్తుంది. కాపలాకు ప్రతిఫలంగా చీమ వచ్చి మీసంతో వీపు నిమిరితే, పేనుబంక వెనక నుంచి ఒక చుక్క తీపిబంక వదలాలి. చీమ దాన్ని తాగి తన పుట్టలో వాళ్ళకూ మోసుకుపోతుంది. అందులో అన్యాయమేమీ లేదు. కాకపోతే రెక్కలొచ్చినది బంక ఇవ్వదు, చెప్పాపెట్టకుండా ఎగిరిపోతుంది. ఇంతకుముందు కాపలా కాసిన వేరే పాదు మీద అలా నలుగురు పోయారు. పాడిగొడ్డు ఎగిరిపోతుంటే చూస్తూ ఊరుకునే కాపరి ఎక్కడైనా ఉంటాడా?

ఊరక రారు మహాత్ములు. ఎండెక్కగానే భూషణం వచ్చి అచ్చియ్యమ్మ వీపు ఎన్నడూ లేనంత మెత్తగా నిమిరాడు.

"ఏమక్కా, కళ్ళు అలా ఉబ్బిపోయాయేం?"

"ఏం చెప్పను తమ్ముడూ. ఇద్దరు పిల్లలు పోయారు."

"అయ్యయ్యో! ఎంత ఘోరం! నిన్న పొద్దున్న కూడా ఒకరు పోయారు కదూ?"

"నీకు గుర్తుందా?" అచ్చియ్యమ్మకు ప్రాణం లేచొచ్చింది. కన్నతల్లేమో ఈ చావులను లెక్కలోకే తీసుకోలేదు, పరాయివాడు చూడు, తలుచుకుంటున్నాడు.

"గుర్తుండకేం అక్కా? నీ పిల్లలు వేరు, నా పిల్లలు వేరా? ఒక్క మాట చెప్పనా, ఏమీ అనుకోవుగా?"

"చెప్పు నాయనా."

"ఈ గాలిలో ఏముందని ఇక్కడ పడి ఉన్నారు? అదే తీగ, అవే ఆకులు, అటు గోడ మీద కూడా ఉన్నాయి. కింద నీళ్ళపొయ్యి. గోడ పట్టుకుంటే పురిటిగదిలా వెచ్చగా ఉంటుంది. అక్కడ ఒక్క పసిదీ చావదు. ఆకుకో కుటుంబం చొప్పున దర్జాగా ఉండొచ్చు. ఇలా కాళ్ళ మీద కాళ్ళేసుకుని ఇరుక్కునే ఖర్మేమిటి?"

"అంత దూరం మేమెక్కడ నడుస్తాం?"

"నేనున్నానుగా! నోట పట్టుకుని పువ్వులా దించుతాను. మా వాళ్ళు నలభై మంది సిద్ధంగా ఉన్నారు."

"మా అమ్మ... చలి ఉంటేనే రెక్కలొస్తాయంటుంది."

భూషణం మీసాలు రెండూ దగ్గరకు చేర్చి నవ్వాడు. "పెద్దావిడకు వయసైపోయిందక్కా. ఎప్పుడో ఎక్కడో జరిగింది పట్టుకుని ఇప్పుడు పిల్లల్ని చంపుకోమంటుందా? రెక్కలు ఎందుకు? ఎక్కడికైనా పోవడానికేగా? నేను మోసుకుపోను? ఈ పాదు ఎండిపోయిన రోజున మిమ్మల్ని వదిలేసి పోతే నేను చీమకు పుట్టినవాణ్ణి కాను. మా పుట్ట మీద ఒట్టు."

ఒట్టు వేశాడు కదా, ఇంకేం కావాలి! గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?

అచ్చియ్యమ్మ తల్లి దగ్గరకు పోయి చెప్పింది. దించిన మూతి ఎత్తి మరీ పోయింది. అంతదాకా వచ్చింది సంగతి.

"వెళ్ళకే" అంది రత్తాలు.

"నువ్వు కూడా రావే అమ్మా. నీ కీళ్ళు కూడా పట్టేస్తున్నాయి."

"నా కీళ్ళ మాట తర్వాత. ఓసి పిచ్చిదానా, నీ కడుపులో ఇప్పుడు ఇరవై మంది ఉన్నారు. వాళ్ళ కడుపుల్లో వాళ్ళ పిల్లలున్నారు. నువ్వు ఒక్కర్తివే వెచ్చబడుతున్నావనుకుంటున్నావా? మూడు తరాలను వెచ్చబెడుతున్నావు. వాడు నీకు సుఖం ఇవ్వట్లేదే, భుజాలు కోస్తున్నాడు."

"పోనీ ఆ చీమ మాట అటుంచు. నీ కళ్ళ ముందు నీ బిడ్డ కర్రలా బిగుసుకుపోతే, చేతిలో వెచ్చటి చోటు పెట్టుకుని ఊరుకుంటావా?"

రత్తాలు "ఊరుకున్నాను" అంది. "నువ్వు పుట్టకముందు ఊరుకున్నాను. పదకొండు మంది. పేర్లు కూడా పెట్టలేదు."

"నా వల్ల కాదమ్మా" అంది అచ్చియ్యమ్మ.

నన్నడిగితే, నిజం చెబుతున్నాను, ఆ మాట దగ్గర నాకు ఆవిడ మీద కోపం రాదు. ఏ తల్లి వల్ల మాత్రం అవుతుంది?

ఆ మధ్యాహ్నమే వలస. గండుచీమలు బారులు తీరి వచ్చి ఒక్కొక్కళ్ళనే నోట కరిచి పట్టుకుని, తీగ వెంట మొదలుదాకా దిగి, మళ్ళీ గోడ మీదికెక్కి, ఆకు ఆకుకూ దించాయి. అచ్చియ్యమ్మ పోతే ఆగేదెవరు? సూరమ్మ, పైడితల్లి, అప్పలకొండ, ఊళ్ళో తల్లులంతా కదిలారు. రత్తాలు ఒక్కతే మూతి ఎత్తనని మొండికేసింది. చీమలు కూడా ముసలిదాన్ని బతిమాలలేదు.

బుడిపెల పిల్ల అందరికన్నా ఆఖర్న వచ్చింది. భుజాలు రెండూ పచ్చిపుండ్లయి ఉన్నాయి. బుడిపెలు లేవు.

"దీనికేమైంది?" అని అచ్చియ్యమ్మ అదిరిపడింది.

"దారిలో ముల్లు గీరుకుందక్కా. రెండు రోజుల్లో మానిపోతుంది" అన్నాడు భూషణం.

చిక్కుడు తీగకు ముళ్ళుండవు. పుట్టినప్పటి నుంచీ ఆ తీగ మీదే బతికిన అచ్చియ్యమ్మకు ఆ సంగతి తెలియదా? తెలుసు. కాకపోతే గోడ అప్పుడే వీపుకు తగులుతోంది. ఒళ్ళంతా ఆ వెచ్చదనం పాకుతోంది. కాళ్ళు సడలి, కళ్ళు మూతలు పడుతున్నాయి. ముల్లే అయి ఉంటుందిలే అనుకుంది.

గోడ మీద వైభోగం చెప్పనలవి కాదు. పుట్టినదల్లా బతికింది. పది రోజులకు ఎదగాల్సిన పిల్ల ఆరు రోజులకే ఎదిగి, ఏడో రోజుకు తనూ తల్లయింది. అచ్చియ్యమ్మకు మనవరాళ్ళు, మునిమనవరాళ్ళు. ఆకులు నల్లగా నిండిపోతుంటే చీమలు వచ్చి కొందర్ని కొత్త ఆకుల మీదికి సర్దేవి, ఇరుకన్న మాట రాకుండా. పొద్దునా సాయంత్రం భూషణం వచ్చి "అక్కా, కులాసాయేనా?" అని వీపు నిమిరేవాడు. ఆవిడ చుక్క మీద చుక్క వదిలేది.

పుట్టిన ప్రతి పిల్ల భుజాలూ అచ్చియ్యమ్మ తడిమి చూసేది. మొదటి రోజుల్లో ఆశగా, తర్వాత అలవాటుగా. అన్నీ నున్నగా ఉండేవి. రేపు పుట్టేదానికి వస్తాయిలే అనుకునేది. తర్వాత తడమడం కూడా మానేసింది.

ఒకరోజు ఎండ పొడుస్తుండగా ఆకు మీద ఏదో వాలింది. చూస్తే పేనుబంకే. నల్లగా మెరిసే ఒళ్ళు, నిగనిగలాడే రెండు జతల రెక్కలు.

"అక్కా, నేను తవిటమ్మని. నీ చెల్లెల్ని. నువ్వొచ్చేశాక పందిరి మీద పుట్టాను."

"నా చెల్లెలా? అమ్మ ఎలా ఉంది?"

"అమ్మ పోయిందక్కా. మొన్నటి మంచుకు. ఆ ముసలి వయసులో, ఆ చలిలో ఐదుగుర్ని కంది. నలుగురు దక్కలేదు. నేనొక్కదాన్నే మిగిలాను. 'అక్కకు చెప్పి పో' అంది ఆఖర్న."

అచ్చియ్యమ్మ చెల్లెలి రెక్కల వైపే చూస్తోంది. ఎండ వాటిలోంచి ఆకు మీద పడుతోంది.

"సందు దాటితే అలసంద మడి ఉంది. ఇప్పుడే రెండాకులేసింది. పాలు తీపి. బోలెడంత చోటు. మీ వాళ్ళలో రెక్కలున్నవాళ్ళను పిలువక్కా, నాతో తీసుకుపోతాను."

అచ్చియ్యమ్మ తల దించుకుంది. "ఎవరికీ లేవే" అంది.

"ఒక్కదానికి కూడానా?"

"ఒక్కదానికి కూడా."

తవిటమ్మ చుట్టూ చూసింది. ఆకు ఆకుకూ పిల్లలు, బొద్దుగా, నున్నగా, వందల మంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాలు బాగా చేదెక్కాయక్కా. నీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది" అంది అచ్చియ్యమ్మ. అంతవరకూ ఆ మాట తనకు తాను కూడా చెప్పుకోలేదు.

కింద చీమల సందడి వినిపించింది. తవిటమ్మ రెక్క విప్పింది. తను ఒకర్ని కూడా మోయలేదు. తన బరువే తనకెక్కువ. గాలి అందుకుని గోడ దాటిపోయింది. అచ్చియ్యమ్మ అటే చూస్తూ ఉండిపోయింది. తర్వాత భూషణం వచ్చి నిమిరితే చాలాసేపటిదాకా చుక్క రాలేదు.

"తమ్ముడూ, నీ ఒట్టు గుర్తుందా?"

"ఏ ఒట్టక్కా?"

"పాదు పోయే రోజు మమ్మల్ని మోసుకుపోతానన్నావు. సందవతల అలసంద మడి ఉందట."

"ఓ, అదా! తప్పకుండా మోస్తాను. ఎంత మాట! ముందు పిల్లల్ని, ఆ తర్వాత పెద్దల్ని. సరేనా?" అన్నాడు భూషణం. అలసంద మడి మాట మాత్రం జాగ్రత్తగా మనసులో పెట్టుకుని పోయాడు.

నాలుగు రోజులకు ఇంటావిడ పాదు మొదట్లోకి వంగి, తీగ ఎత్తి చూసి, "కాపు అయిపోయింది, ఉత్త పురుగు పట్టి ఉంది" అని కత్తి తెచ్చి మొదలు కోసేసింది. తీగ లాగే తీరిక లేదు, పెళ్ళి ప్రయాణం. "వచ్చాక లాగొచ్చులే" అని తలుపులు వేసుకుని ఇంటిల్లిపాదీ బండెక్కారు. ఆ పూట నుంచి పొయ్యి వెలగలేదు. నిప్పు ఆరి బూడిద చల్లబడింది. సాయంత్రానికి గోడ మామూలు గోడ అయిపోయింది.

మూతి దించినవాళ్ళకు పాలు సగంలో తెగిపోతే ఎలా ఉంటుందో మనం చెప్పలేం. ఊరంతా ఒక్కసారిగా గోలెత్తింది.

"అచ్చియ్యమ్మక్కా, పాలు రావట్లేదు!" అని సూరమ్మ అరిచింది.

"కంగారు పడకండి. భూషణం ఒట్టేశాడు. వస్తాడు."

మర్నాడు ఎండెక్కగానే నిజంగానే వచ్చాడు. ఒక్కడే కాదు, పుట్ట మొత్తం వచ్చింది. అచ్చియ్యమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "చూశారా, నేను చెప్పలేదూ! పిల్లల్ని ముందు పంపండి. తోసుకోకండి. మంచివాళ్ళు కదూ, ఏడవకండి. వెనకే మేమూ వస్తాం" అని తనే దగ్గరుండి ఒక్కొక్కర్నీ చీమల నోటికి అందించింది. బొద్దుబొద్దు పిల్లలు చీమల నోట్లో కాళ్ళాడిస్తూ పోతున్నారు. ఒకటైతే "అమ్మమ్మా, అక్కడ పాలు తీపా?" అని అడిగింది. "తీపే తల్లీ" అంది అచ్చియ్యమ్మ.

రెండొందల మంది పోయాక, ఆకు అంచుకు జరిగి కిందికి చూసింది. చీమల బారు సందు వైపు పోవడం లేదు. గోడ మొదట్లో పుట్ట కన్నం ఉంది, అందులోకి పోతోంది. పిల్లలతో దిగినవాళ్ళు ఒట్టి నోళ్ళతో పైకొస్తున్నారు. ఒకడి దవడకు చిన్న నల్లకాలు అంటుకుని ఉంది.

"భూషణం!" ఆ అరుపుకు ఆకు కదిలింది. "ఏరా! నా పిల్లలేరీ? ఏం చేశార్రా నా పిల్లల్ని?"

భూషణం ఆకు మీదికి ఎక్కాడు. సిగ్గుపడలేదు, కోపగించుకోలేదు. రోజూ పలకరించే గొంతుతోనే మాట్లాడాడు.

"చలికాలం అక్కా. మా ఇంట్లోనూ పసివాళ్ళున్నారు. తీపితో కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. మాంసం కావాలి."

"మోస్తానని ఒట్టేశావు కదరా!"

"మోశానుగా. ఎక్కడికని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అయినా ఆలోచించక్కా. ఈ తీగ మీద ఉంటే రేపో మాపో ఎండి చస్తారు. ఎవరికీ కాకుండా పోయేకంటే ఇది నయం కాదూ?"

"అలసంద మడి ఉందిగా! సందు దాటితే చాలుగా! మోసినవాళ్ళు అక్కడికే మోయొచ్చుగా!"

"నిన్ననే పోయి చూసొచ్చాను. మీ చెల్లెలు మంచి మంద పెట్టింది. ముప్పై మంది దాకా ఉన్నారు, అందరూ లేతవాళ్ళు. మావాళ్ళు ఇరవై మంది అక్కడ కాపలా మొదలెట్టేశారు. మాకు అది చాలు. పొరుగూరి ముసలి గొడ్లను కూడా తోలుకొచ్చి ఏం చేసుకోను?"

కంచే చేను మేసిందని చేను ఎవరికి చెప్పుకుంటుంది? అచ్చియ్యమ్మ పారిపొండర్రా అని మిగిలినవాళ్ళకు కేకేసింది. ఎక్కడికి పారిపోతారు? గోడ మీద పుట్టి, గోడ మీద పెరిగి, ఆకు నుంచి ఆకుకు చీమ నోట్లో తప్ప పోనివాళ్ళు. నాలుగడుగులు వేసి, వేసినచోటే ఆగిపోయి, కట్టుబాటు ప్రకారం మళ్ళీ మూతులు దించారు. దించితే ఏముంది? ఎండిన పీచు.

సాయంత్రానికి పిల్లలంతా అయిపోయారు. పెద్దవాళ్ళు ఎండి తేలికైపోయారని చీమలు వాళ్ళ జోలికి రాలేదు. మూడో రోజుకు సూరమ్మ పోయింది, పైడితల్లి పోయింది. గోడ మంచులా చల్లగా ఉంది. మిగిలిన పదిమందీ ఒక్క ఆకు కిందికి చేరి, ఒకరి కాళ్ళు ఒకరికి తగిలేలా ఇరుక్కుని వణుకుతున్నారు. ఆ వణుకులోనే తెల్లవారుతుండగా అచ్చియ్యమ్మకు నొప్పులొచ్చాయి.

ఒక్కతే పుట్టింది. ఇంతే ఉంది. లేచి నిలబడే ఓపిక కూడా లేదు. అచ్చియ్యమ్మ ఎన్నో రోజుల తర్వాత కాలు చాపి బిడ్డ భుజాలు తడిమింది.

తడిమి, ఆగి, మళ్ళీ తడిమింది. అటొకటి, ఇటొకటి.

"అప్పలకొండా, ఇలా రా. నా కాలు అబద్ధమాడుతోందేమో, నువ్వు చూడు."

అప్పలకొండ పాక్కుంటూ వచ్చి రెండు భుజాలూ తడిమింది.

"ఉన్నాయా?"

"ఉన్నాయక్కా."

"నా కడుపున రెక్కలు పుట్టాయే!" అచ్చియ్యమ్మ నవ్వింది, ఏడ్చింది, బిడ్డను ముద్దు పెట్టుకుంది. "మా అమ్మ చెప్పింది నిజమేనే. ఇది ఎగురుతుంది. ఎన్నాళ్ళు కావాలి? ఎనిమిది రోజులు. ఎనిమిదంటే ఎనిమిదే."

అప్పలకొండ ఆకు వైపు చూసింది. అంచులు ముడుచుకుపోయి, నడిమి ఈనె దగ్గర మాత్రం కాస్త పచ్చదనం ఉంది. రెండు రోజులు, మరీ అదృష్టముంటే మూడు. ఆ మాట చెప్పే ధైర్యం ఆవిడకు లేదు. దింపుడుకళ్ళం ఆశ, చెప్పి మాత్రం ఏం లాభం?

ఆ ఉన్న పచ్చదనం దగ్గరకు బిడ్డను నెట్టి, మిగిలినవాళ్ళంతా ఎవరి మూతులు వాళ్ళు ఎత్తేశారు. ఇంకొకరి కోసం అలా మూతి ఎత్తడం ఆ కులం పుట్టాక అదే మొదలు. ఉన్న నాలుగు చుక్కలూ బిడ్డకు దక్కాలని. బిడ్డ తాగింది. తాగి, "అమ్మా, చేదుగా ఉంది" అంది.

"తాగు తల్లీ. తాగితే ఎగురుతావు."

ఎండ వచ్చాక భూషణం పనిమీద అలసంద మడికి పోతూ అటుగా వచ్చాడు. అలవాటు కొద్దీ అచ్చియ్యమ్మ వీపు నిమిరి చూశాడు. చుక్క లేదు. బిడ్డ దగ్గరకు వచ్చి భుజాల మీద మీసం ఆనించాడు. అచ్చియ్యమ్మ తన ఎండిన ఒంటిని ఈడ్చుకుంటూ వచ్చి అడ్డం పడింది.

"దీన్ని కొరకకురా. నీకు దణ్ణం పెడతాను. ఇదొక్కటీ వదిలెయ్."

భూషణం బిడ్డను చూశాడు, ఆకును చూశాడు. "కొరకనక్కా" అన్నాడు. "ఇక అక్కర్లేదు." అని తన దారిన తను దిగిపోయాడు.

అచ్చియ్యమ్మ ఆ మాటను దయ అనుకుంది. వాడు దిగిపోయినంత దూరం దణ్ణం పెడుతూనే ఉంది.

తల్లి తప్పించుకున్న చలి, బిడ్డ పోగొట్టుకున్న రెక్క.